బోర్లించిన బిందెలు

నా చిన్నప్పుడు మా నాచారంలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. సాయంత్రం గంటసేపు వస్తాయనేవారు గానీ ఆ గంట ఒట్టి మాట. మొదట పావుగంట గాలి వచ్చేది, ఆఖరున పావుగంట తుప్పు నీళ్లు వచ్చేవి. మధ్యలో మిగిలిన అరగంటలోనే రెండు రోజులకు సరిపడా పట్టుకోవాలి. నీళ్లు పైకెక్కవని వాకిట్లో నడుము లోతు గుంత తవ్వించి నల్లాను అందులోకి దింపారు. మా అమ్మ గుంతలోకి దిగి బిందె నింపితే, పైనుంచి మా నాయనమ్మ అందుకునేది. తాగే నీళ్లు ఇత్తడి బిందెల్లో, వంట నీళ్లు రాగి గంగాళంలో, తక్కినవి వాకిట్లోని సిమెంటు హౌజులో. హౌజు అడుగున ఒక తూము, దానికి గుడ్డ చుట్టిన కట్టె బిరడా. ఆ బిరడా మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి ఉండదని మా నాయనమ్మ నన్ను వారానికోసారి బెదిరించేది. ఇప్పటి పిల్లలకు ఇదంతా చెబితే నవ్వుతారు. నవ్వనీండి, వాళ్లకు నీళ్లంటే మీట నొక్కితే ట్యాంకులోకి ఎక్కేవి.

అప్పటికి మా తాతయ్య పోయి మూడేళ్లు. ఇంట్లో నాయనమ్మ, అమ్మానాన్న, నేను ఉండేవాళ్లం. నాకు పదేళ్లు. మా చిన్నాయనకు కాకినాడలో ఉద్యోగం. అక్కడే తనతో పనిచేసే స్నేహితుడి చెల్లెల్ని చేసుకున్నాడు. పెళ్లి శ్రావణంలో వాళ్ల ఊళ్లో, కోనసీమలో జరిగింది. వాళ్ల ఇంటి ముందు ఒక కాలువ, వెనక ఒక కాలువ. ఆ పెళ్లికి వెళ్లొచ్చిన మా నాన్న నెలరోజుల పాటు ఆ నీళ్ల గురించే మాట్లాడాడు తప్ప పెళ్లికూతురి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మా నాయనమ్మ పెళ్లికైతే వెళ్లింది గానీ పందిట్లోకి రాలేదు. భర్త పోయిన ఆడది శుభకార్యంలో వెనకే ఉండాలన్నది అప్పటి మాట. కన్నకొడుకు పెళ్లిలో దూరంగా కూర్చుని, చేతిలోని అక్షింతలు చేతిలోనే పట్టుకుని ఉండిపోయిందట.

ఇక మా మేనత్త ఆ పెళ్లికే రాలేదు. ఆమె ఇల్లు ఉప్పల్లో. తన పెద్ద కూతుర్ని తమ్ముడికే ఇవ్వాలని ఆ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకుంది. అది జరగలేదు. ఆ కోపం మనసులో పెట్టుకుని కాలువ నీళ్ల పిల్ల మా నాచారంలో ఎన్ని పూటలుంటుందో చూస్తానని బంధువులందరితో చెప్పి పెట్టింది. మా మేనత్త మంచిదే, ఆమెకు అన్యాయం చేయను. కానీ ఆమె నోట్లో నువ్వు గింజ నానదు. ఆమె చెవిన ఒక మాట పడితే ఉప్పల్ నుంచి వరంగల్ దాకా సాయంత్రానికల్లా చేరిపోయేది.

దసరా సెలవులకు చిన్నాయన, కొత్త చిన్నమ్మ పది రోజులుండేలా వచ్చారు. అత్తవారింట్లో ఆమెకు మొదటి పండుగ. మా అమ్మ, నాయనమ్మ ఆమెను నేల మీద కాలు పెట్టనివ్వలేదు. గిన్నె ముట్టుకుంటే వద్దనేవారు, చీపురు పట్టుకుంటే లాక్కునేవారు. అన్నం కూడా మొగవాళ్లతో పాటు ముందే పెట్టేసేవారు. అది గౌరవమే అనుకున్నారు వాళ్లు. పాపం ఆమె పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూసేది. మాటకు ముందొక ఆయ్, వెనకొక అండీ చేర్చే ఆమె పలుకు వినడానికే నేను బడి స్నేహితుల్ని తీసుకొచ్చేదాన్ని. సాయంత్రమైతే చిన్నాయన ఆమెను చుట్టాలిళ్లకో సినిమాకో తిప్పేవాడు. పండుగ ముందురోజు నల్లా వచ్చిన వేళ కూడా సికింద్రాబాదుకు చీరలు కొనడానికి తీసుకెళ్లాడు. అందుకే మా ఇంట్లో నీళ్లు ఎలా పడతారో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు, నల్లా ఎప్పుడు తిప్పినా వస్తాయనే అనుకుంది.

దసరా నాడు తెల్లవారుతుండగా బరబర గీకుతున్న చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. ఇంట్లో అంతా నిద్రలో ఉన్నారు. వాకిట్లోకి వెళ్లి చూస్తే చిన్నమ్మ చీర చెంగు నడుముకు బిగించి, చింతపండు, బూడిద పట్టుకుని బిందెలు తోముతోంది. ఆరు ఇత్తడి బిందెలు అరుగు మీద బోర్లించి ఉన్నాయి. గంగాళం కూడా పక్కనే బోర్లించి ఉంది. మా ఇంట్లో ఇత్తడి అంత పచ్చగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. వాళ్ల ఊళ్లో పండుగ పూట నిలవ నీళ్లు వాడరట. కోడి కూయకముందే పాత నీళ్లన్నీ పారబోసి, బిందెలు తోమి, కాలువలోంచి కొత్త నీళ్లు తెచ్చుకోవడం ఆ ఇంటి ఆడపిల్లగా ఆమె పనేనట. పనంతా ముగించి, అందరూ లేచేసరికి ఆశ్చర్యపరచాలని ఆమె ఆశ.

"ఈ తొట్టి కూడా కడిగేద్దామా బుజ్జీ?" అని అడిగింది నన్ను.

ఇక్కడే నా తప్పు ఉంది, దాచను. నల్లా మళ్లీ రేపు సాయంత్రం గానీ రాదని నాకు తెలుసు. మధ్యాహ్నానికి మేనత్త కుటుంబంతో కలిపి పద్నాలుగు మంది భోజనానికి వస్తారనీ తెలుసు. కానీ పెద్దవాళ్లలో ఒకరు నన్ను సలహా అడగడం నా జన్మలో అదే మొదలు. పైగా ఆ బిరడా! కడిగేద్దామన్నాను. బిరడా బిగుసుకుపోయి ఉంటే ఇద్దరం కలిసి పీకాం. నీళ్లు భళ్లున దూకి, జామచెట్టు మొదలు తడిపి, గేటు కింద నుంచి వీధిలోకి పారాయి. అందులో నేను కాగితం పడవ కూడా వదిలాను. చిన్నమ్మ హౌజు అడుగున పాచి అంతా గీకి శుభ్రం చేసి, చేతులు కడుక్కుందామని గుంతలోకి వంగి నల్లా తిప్పింది. లోపలి నుంచి ఉస్సురని ఒక గాలి వచ్చి ఆగిపోయింది. అప్పుడు చెప్పాను నేను, నల్లా రేపొస్తుందని.

ఆమె మొహం ఎలా అయిందో నేను మరిచిపోలేదు. గుంత అంచున కూర్చుని ఆరు బిందెల వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంతలో మా అమ్మ లేచి వచ్చి చూసి తల పట్టుకుంది. చిన్నాయన వచ్చాడు. ఎవరినైనా ఒక మాట అడగవచ్చు గదా అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ తగలాల్సిన చోట తగిలింది. చిన్నమ్మ తనకు తెలియదని మాత్రమే చెప్పింది. నా పేరు ఎత్తలేదు. నేను మా అమ్మ వెనక నిలబడి నా తడిసిన గౌను పిండుకుంటున్నాను. మా అమ్మ చెడ్డది కాదు, కంగారులో మనసులోది బయటికి అనేసింది.

"వదినె వస్తే ఏం జెప్పాలె? ఇగ బతికినన్ని దినాలు నీళ్లు పారబోసిన కోడలనే అంటది."

అందరికీ భయం అదే. పండుగ వంట ఎలాగో ఒకలా అవుతుంది. కానీ ఆ పేరు ఒకసారి పడితే పోదు. మా మేనత్తకే అది బాగా తెలుసు. ఆమె కొత్తగా కాపురానికి వెళ్లిన ఏడాది దసరాకు కూర మాడ్చితే, ఇరవై ఏళ్లు దాటినా అత్తవారి బంధువులు ఆమెను మాడుకూర కోడలనే పిలిచేవారు. చిన్నమ్మ లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి చూస్తే సూట్‌కేసులో చీరలు సర్దుకుంటోంది. పదకొండింటికి బస్సుంటే ఎక్కించమనీ, తన మొహం ఎవరికీ చూపించలేననీ చిన్నాయనతో అంటోంది. ఏడుపు కూడా లేదు.

అప్పటికి మా నాయనమ్మ లేచి వాకిట్లోకి వచ్చింది. హౌజులోకి ఒకసారి తొంగి చూసింది. తోమిన బిందెలు ఒక్కొక్కటీ ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, అంత బిగువు బిరడా ఒక్కదానికి రాదు, రెండో చెయ్యి ఎవరిదని అడిగింది. చెప్పేశాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. చెంప మీద ఒకటి పడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, చేసినదానివి నువ్వే గనుక తిరగాల్సిందీ నువ్వేనంది. మా అమ్మ చేత పసుపు కుంకుమల పళ్లెం తెప్పించింది. తాను ఆ పళ్లెం ముట్టుకోలేదు. నాకు పట్టుపరికిణీ కట్టించి, వాడకట్టులో ప్రతి ఇంటికీ వెళ్లి ఏం చెప్పాలో మూడుసార్లు వల్లె వేయించింది.

"మా ఇంట్ల ఆనవాయితీ అని జెప్పు. కొత్త కోడలు మొదటి దసరకు పాత నీళ్లు తీసి బిందెలు బోర్లిస్తది. వాడకట్టు ఆడోళ్లు తలా ఇన్ని కొత్త నీళ్లు తెచ్చి పోసి, బొట్టు వెట్టి దీవించాలె. మూలింటామెను ఇడిచిపెట్టకు. గీ ఆనవాయితీల భర్త ఉన్నోళ్లు, లేనోళ్లు అని ఏం లేదు."

మూలింటామె అంటే వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడ. ఒకప్పుడు దవాఖానాలో నర్సు. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. మా వీధిలో ఏ పేరంటానికీ ఆమెకు పిలుపు వెళ్లేది కాదు. ఇలాంటి ఆనవాయితీ మా ఇంట్లో ఎన్నడూ లేదని నాకు తెలుసు. అయినా లేని ఆనవాయితీకి నియమాలు మనిష్టం కదా. ఆ తెలివి మా నాయనమ్మకు అంత పొద్దున్నే ఎలా తట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పళ్లెం పట్టుకుని గేటు దాటి చూద్దును గదా, మా హౌజు నీళ్లు నాకన్నా ముందే వీధంతా తిరిగి, ఇంటింటి గడప ముందూ మడుగు కట్టి కూర్చున్నాయి. నేను చెప్పబోయే అబద్ధాన్ని అవి ముందే బయటపెట్టేశాయి. అయినా వల్లె వేసిన పాఠం అప్పజెప్పాను. ఒకామె నవ్వు ఆపుకుంది. ఒకామె గడప ముందున్న తడినీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఒకామె తమ ఇంట్లోనే నీళ్లు అంతంత మాత్రం, పైగా చుట్టాలు వస్తున్నారని మొహమాటంగా చెప్పింది. అది నిజమే, వాళ్లకూ నల్లా రేపే. ఆ రోజు మా వాడకట్టులో బిందెడు నీళ్లివ్వడమంటే ఒకరి స్నానం మానుకోవడమే. మూలింటామె తననే పిలుస్తున్నామా అని రెండుసార్లు అడిగింది.

నేను తిరిగి వచ్చేసరికి చిన్నమ్మను పట్టుచీరలో వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. సూట్‌కేసు మంచం మీద తెరిచే ఉంది. పక్కన ఆరు బిందెలు, గంగాళం నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఎంతసేపు ఎదురుచూశామో. ఎవరూ రాలేదు. చిన్నమ్మ తల అంతకంతకూ కిందికి దిగిపోతోంది. మా నాయనమ్మ గడప అవతల నిలబడి వీధి మలుపు మీంచి చూపు తిప్పడం లేదు.

మొదట వచ్చింది మూలింటామె. చిన్న స్టీలు బిందె చంకన పెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, కొంచెం కుంటుతూ వచ్చింది. గంగాళంలో నీళ్లు పోసి, కుంకుమ వైపు చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఆపేసింది. చిన్నమ్మ తలెత్తి నుదురు ముందుకు వంచింది. మూలింటామె బొట్టు పెట్టి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, గట్టిగా నవ్వేసింది.

"పిల్ల వచ్చి పిలిచినంక కాదు, మీ నీళ్లు పొద్దుగాలనే మా గడప దాక వచ్చి పిలిచినయి బిడ్డా. రాకుంటే బాగుంటదా?"

ఆ మాటకు మా అమ్మ నవ్వింది, చిన్నాయన నవ్వాడు, తెల్లవారిన తర్వాత మొదటిసారి చిన్నమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు వీధిలోకి వినిపించిందేమో, ఇక ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. పక్కింటి అక్క రెండు బిందెలు తెచ్చింది. చుట్టాలొస్తున్నారన్నామె ఆ చుట్టాలనే వెంటేసుకుని, వాళ్ల చేతికీ తలా ఒక చెంబిచ్చి తెచ్చింది. ఎదురింటి సాయిబుగారి భార్య గేటు దగ్గర ఆగి, తాను పోయవచ్చా అని అడిగితే, మా ఆనవాయితీలో దానికీ అడ్డం లేదంది నాయనమ్మ. మొన్ననే బతుకమ్మ ఆడిన గొంతులు కదా, ఎవరో పాట అందుకున్నారు. పట్టుచీరలు, నడుముల మీద బిందెలు, మా వాకిలి పట్టలేదు. ఆరు బిందెలూ నిండాయి, గంగాళం నిండింది, హౌజులోకి పోయడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు ఉప్పల్ ఆటోలు రెండు వచ్చి గేటు ముందు ఆగాయి. మా మేనత్త దిగింది. పాట ఆగిపోయింది. ఏందిది అని అడిగిందామె. మన ఇంటి ఆనవాయితీ, మర్చినవా అంది నాయనమ్మ, కన్ను కూడా ఆర్పకుండా. మా మేనత్త ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. అలాంటిదేమీ లేదని ఆమెకు తెలియదా? తోమిన బిందెల వైపు చూసింది. తడిసిన జామచెట్టు మొదలు చూసింది. పీట మీది పిల్ల చేతులకు ఇంకా పోని బూడిద చూసింది. ఆమెకు మొత్తం అర్థమైపోయిందని మాకూ అర్థమైంది. ఆమె ఒక్క మాట అంటే చాలు, అంత నీళ్లూ మళ్లీ వీధిపాలే. ఆమె వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి చాలా మెల్లగా ఒక మాటంది. పక్కనే ఉన్నాను కనుక నాకు వినిపించింది.

"నేను కూర మాడవెట్టిన నాడు మా అత్తగారింట్ల ఎవ్వరికి గిసొంటి ఆనవాయితీ యాదికి రాలేదేందే అమ్మా?"

మా నాయనమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. మేనత్త కళ్లు తుడుచుకుని, కొంగు దోపుకుని వాకిట్లోకి తిరిగి గొంతెత్తింది. అమ్మకు వయసైపోయి సగం మర్చిపోయిందనీ, ఆడబిడ్డ వంతు రెండు బిందెలనీ, అవి తన ఇంటి నుంచే రావాలనీ ప్రకటించింది. లేని ఆనవాయితీకి కొత్త నియమం కలిపేసింది మహాతల్లి! అప్పుడే దిగిన మా మామయ్యను మళ్లీ అదే ఆటో ఎక్కించి ఉప్పల్ పంపింది. గంట తర్వాత ఆయన రెండు బిందెలు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. సగం నీళ్లు గతుకుల రోడ్డు తాగింది, తక్కిన వాటిలో సగం ఆయన కొత్త పంచె తాగింది. మిగిలినవే మా మేనత్త ఎత్తి పోసి, మరదలికి బొట్టు పెట్టి, ఆ పిల్లను కావలించుకుంది. వాడకట్టు వాడకట్టంతా చప్పట్లు కొట్టింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. చిన్నమ్మ పీట మీంచి లేచింది. నిండిన బిందెల్లోంచి ఒక చెంబు ముంచుకుని, తిన్నగా గడప దగ్గరికి వెళ్లి మా నాయనమ్మ చేతిలో పెట్టింది.

"అత్తయ్యగారూ, మీరింకా పోయలేదండీ."

నాయనమ్మ వెనక్కి జరిగింది. నేనెందుకు బిడ్డా, నేనెందుకు అంటూ చెంబు తిరిగి ఇవ్వబోయింది. చిన్నమ్మ తీసుకోలేదు. ఆనవాయితీలో అలాంటి తేడా ఏమీ లేదని పొద్దున మీరే చెప్పారు కదా, లోపలి నుంచి నేను విన్నానండీ అంది. అంతమంది ముందు మా నాయనమ్మకు ఇక తప్పించుకునే దారి లేకపోయింది. గడప దాటి వచ్చింది. నీళ్లు పోసింది. మూడేళ్లుగా ముట్టని కుంకుమ వేలితో తీసి కొత్త కోడలి నుదుట పెట్టింది. నా జీవితంలో చాలా పండుగలు చూశాను. అంత గొప్ప దసరా మళ్లీ చూడలేదు. పొద్దున పదకొండింటి బస్సుకు వెళ్లిపోతానన్న మనిషి ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ తానే వడ్డించింది. మేనత్త ఆమె చేత ఇంకోసారి ఆయ్ అనిపించుకోవడానికి మారు అడిగి మరీ తిన్నది.

మరుసటేడు పక్కింట్లోకి కొత్త కోడలొస్తే వాళ్లూ బిందెలు బోర్లించారు. తర్వాత వెనక వీధిలో చేశారు. ఇంకో రెండేళ్లకు ఒకామె మా నాయనమ్మకే తిరిగి చెప్పిందట, ఇది తాతల కాలం నుంచి తమ ఇంట్లో ఉన్నదేనని. నాయనమ్మ ఔనా అని బుద్ధిగా వినొచ్చింది.

నా కొడుకు పెళ్లికి వచ్చినప్పుడు, ఇన్నేళ్లుగా అడగలేక దాచుకున్న మాట చిన్నమ్మను అడిగాను. బిరడా పీకింది నేను కూడా కదా, అందరూ నిన్నే అంటుంటే నా పేరెందుకు చెప్పలేదని. ఆమె జడలో పూలు సర్దుకుంటూ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"వారం రోజులు అందరూ నన్ను చుట్టంలా కూర్చోబెట్టారే బుజ్జీ. ఆ ఇంట్లో నాతో కలిసి పనికి చెయ్యి వేసింది నువ్వొక్కదానివే. నీ పేరెలా చెబుతాను?"

నేను నలభై ఏళ్లు తప్పనుకుని మోసింది, ఆమె ఆదరణ అనుకుని దాచుకుంది. ఆ రోజు నుంచి మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా నేను కుర్చీ వేసి మర్యాద చేయను. మొన్న పండుగకు మొదటిసారి వచ్చిన కోడలికి కాళ్లు కడుక్కోగానే కత్తిపీట, వంకాయలు ఇచ్చాను. వాళ్లమ్మ నన్ను గయ్యాళి అత్త అనుకున్నట్టుంది. అనుకోనీండి. ఆ పిల్ల మాత్రం వంకాయలు తరుగుతూ, తమ ఇంట్లో ముక్కలు ఇంకా పెద్దవిగా కోస్తారని చెప్పింది. అలాగే కొయ్యమన్నాను. ఆ రోజు మా ఇంట్లో కూర ఆమె ఇంటి పద్ధతిలో అయింది.